కుట్టుమిషను బెల్టు కోసం ప్రార్థన

ఇంట్లో కుట్టుమిషను ఉందంటే ఆ వీధిన వెళ్ళేవాళ్ళు ఒకసారి లోపలికి తొంగిచూసి మరీ వెళ్ళే రోజులవి. డెబ్బయ్యో దశకం మొదట్లో చోడవరంలో, మా వీధి మొత్తానికీ అలాంటి మిషను ఒక్కటే ఉండేది. అది నాది. ట్రెయినింగ్ పూర్తిచేసి, చర్చి వాళ్ళు నడిపే చిన్న బడిలో పంతులమ్మగా చేరిన ఏడాది, మా నాన్న దాన్ని కె.కోటపాడు నుంచి ఎడ్లబండి మీద, కింద గడ్డి పరిచి, బాలింతను తెచ్చినంత భద్రంగా తెచ్చి నా అద్దె గదిలో దింపాడు. నల్లటి ఒంటి మీద బంగారు రంగు పువ్వులు, కింద కాళ్ళతో తొక్కే ఇనప పలక. దాన్ని చూసుకుని నేను పడ్డ గర్వం ఒక మనిషికి ఉండదగిన దానికి నాలుగింతలు. (అసలు సంగతి ఇక్కడే చెప్పేస్తాను. నాకు కుట్టడం రాదు. నేర్చుకుంటానని నాన్నకు మాటిచ్చాను. నేర్చుకుంటే మిషను అరిగిపోతుందని మానేశాను.)

నా గది ఒక ముసలావిడ ఇంట్లో ఉండేది. ఆదివారం పొద్దున్నే చర్చిలో గంట కొట్టేది ఆవిడే కాబట్టి ఊరంతా గంట మామ్మ అనేవారు. మేము హిందువులం, ఆవిడ చర్చి మనిషి. ఆ తేడా మా మధ్య ఏనాడూ రాలేదు గానీ, మిషను మాత్రం వచ్చింది. దుమ్ము పడకుండా నేను దానికి పువ్వుల గుడ్డతో, అంచులకు కుచ్చులు పెట్టించి, బజారులో టైలరు చేత ఒక గౌను కుట్టించి తొడిగాను. మామ్మ గడపలో నిలబడి చాలాసేపు చూసింది. "గుడ్డలు కుట్టడానికి మిసను కొన్నోళ్ళని సూసేను గానీ, మిసనుకి గుడ్డలు కుట్టించినోళ్ళని ఇప్పుడే సూస్తన్నాను" అంది.

డిసెంబరు వచ్చింది. చెరుకు బళ్ళు గోవాడ చక్కెర ఫ్యాక్టరీ దారి పట్టాయి. చెరుకు కొట్టేవాళ్ళ, బళ్ళు తోలేవాళ్ళ ఆడపిల్లలకు క్రిస్మసుకి గౌన్లు ఇవ్వాలని చర్చి ఆడవాళ్ళు గుడ్డ సమకూర్చుకున్నారు. కుట్టిపెడతానన్న టైలరు కొట్టుకి తాళం వేసి అత్తారింటికి వెళ్ళి, అక్కడే జ్వరంతో మంచాన పడ్డాడు. పండగ ఇంకా రెండు వారాలే ఉంది. మామ్మ నా గదికి వచ్చింది.

"పంతులమ్మా, నీ మిసను ఓ వారం ఇస్తావేటి? మేవే ఇక్కడికొచ్చి కుట్టుకుంటాం."

పదిమంది ఆడవాళ్ళ పాదాలు ఆ పలకను తొక్కడం, ఆ బంగారు పువ్వులు రాలిపోవడం నా కళ్ళకు కట్టింది. "బెల్టు తెగిపోయింది మామ్మా" అన్నాను. ఆవిడ ఒకసారి నా ముఖం వంక చూసి వెళ్ళింది. నేను తలుపు వేసుకుని, నిక్షేపంలా ఉన్న బెల్టును ఊడదీసి బియ్యం డబ్బాలో అడుక్కంటా తోసేశాను.

ఆ మధ్యాహ్నం బడిలో నీతికథల పీరియడు. వంతు ప్రకారం నేను చెప్పవలసింది, ఏసుప్రభువు చెప్పిన ధనవంతుడి కథ. పంట విరగపండితే, ఉన్న గాదెలు చాలక వాటిని పీకించి పెద్దవి కట్టించి, ఇక తిని తాగి కులాసాగా ఉందామనుకున్న రాత్రే పోయినవాడి కథ. బాగానే చెప్పాను. చివర్లో ముందు వరసలో కూర్చున్న ఒక పిల్ల గుంట లేచింది.

"ఆడి గాదెలో గింజలున్నాయని పక్కింటోళ్ళకి తెలీదా టీచర్?"

"తెలిసే ఉంటుంది."

"మరి అడగలేదేటి?"

"అడిగే ఉంటారు."

"ఆడేటన్నాడు?"

నేను పుస్తకం మూసి, పిల్లల్ని ఆటలకు వదిలేశాను.

ఆదివారం ప్రార్థనకు బడి టీచర్లం కూడా వెళ్ళేవాళ్ళం. చివరి వరసలో కూర్చున్నాను. మామ్మ లేచి కళ్ళు మూసుకుంది. "ప్రభువా, మా పంతులమ్మ మిసను బెల్టు తెగిపోనాది. ఆ పిల్ల మనసు పెద్దది, అడిగితే లేదనే గుంట కాదు. ఒక్క బెల్టే అడ్డం పడిపోతంది. నువ్వే ఏదో దారి సూపించాల." చర్చి అంతా ముక్తకంఠంతో ఆమేన్ అంది. (నేను కూడా అన్నాను. ఏం చేయను, అందరూ నావైపే చూస్తున్నారు.)

ప్రార్థన ఫలించడం ఎలా ఉంటుందో సోమవారం నుంచి చూశాను. ఫ్యాక్టరీలో పనిచేసే ఒకాయన డ్యూటీ దిగి సైకిలు మీద ఒక బెల్టు తెచ్చాడు. ఎవరి తమ్ముడో రావికమతం నుంచి బస్సులో ఇంకొకటి పంపాడు. ఒకటి పొట్టిదనీ ఒకటి లావుదనీ వంకలు పెట్టి తిప్పి పంపాను. మంగళవారం సాయంత్రం, బండి తోలేవాడి భార్య ఒకావిడ, చంటిపిల్లను చంకనేసుకుని మా గుమ్మంలోకి వచ్చింది. చేతిలో సన్నగా కోసిన తోలు ముక్క.

"మా ఎడ్లకి మువ్వలు కట్టే పట్టీ అమ్మా. ఇది సరిపోద్దేమో సూడండి."

"మరి మీ ఎడ్లకి?"

"మువ్వల్లేకపోతే ఎడ్లు నడవ్వేటమ్మా? మా పెద్దగుంట గౌను కోసం రోజూ అడుగుతంది."

ఆ పట్టీ తీసుకుని ఆవిడను గుమ్మంలో కూర్చోబెట్టాను. లోపలికి వెళ్ళి బియ్యం డబ్బా బోర్లించాను. బెల్టు చేత్తో పట్టుకుని, జాకెట్టు నిండా తవుడుతో, మామ్మ ముందు నిలబడ్డాను.

"ఇది తెగలేదు మామ్మా."

"నాకు ఆ రోజే తెలుసు. బెల్టు తెగినోళ్ళ మొకం అలగుండదు."

"తెలిసీ నా మనసు పెద్దదని చర్చిలో ఎందుకు చెప్పావు?"

"ఉన్నదాని కోసం ప్రార్థన సేస్తారేటి ఎవరైనా? లేందానికే గదా అడగాల" అని తమలపాకు చిలక చుట్టుకుంది.

ఆ మువ్వల పట్టీని బండి ఇల్లాలికి తిరిగి ఇచ్చేశాం. మిషను గౌను విప్పాం. వారం రోజులు నా గది సంతలా మారిపోయింది. రెండు సూదులు విరిగాయి, బంగారు పువ్వుల్లో సగం ఊడిపోయాయి. నాకు కుట్టడం రాదన్న నిజం కూడా బయటపడింది. మామ్మ పక్కన కూర్చుని నేర్పితే, నేను మొట్టమొదట కుట్టింది ఆ బండి ఇల్లాలి పెద్దగుంట గౌనే. తొడిగి చూద్దామంటే ఆ పిల్ల చాలాసేపు గౌను లోపలే తిరిగి, "టీచర్, తలకాయి ఎటునుంచి పెట్టాల?" అంది. మెడ దగ్గర కూడా కుట్టేశాను. మామ్మ కత్తెరతో కోసి తల బయటికి తీసింది. క్రిస్మసు నాడు ఆ పిల్ల ఒక పక్క మోకాలి పైకి, ఒక పక్క చీలమండ దాకా ఉన్న ఆ గౌనుతో చర్చి నడిమధ్య రాణిలా నడిచి వెళ్ళింది.

ఇప్పుడు నాకు డెబ్బై దాటాయి. నా బీరువాలో మడత విప్పని దుప్పట్లు అరడజను ఉన్నాయి. ఎవరైనా వచ్చి అడిగితే ఈనాటికీ ముందు నోటికొచ్చే మాట "లేవు" అనే. తర్వాత మోకాళ్ళు పట్టుకుని మెల్లగా లేచి, వెళ్ళి బీరువా తెరుస్తాను. ఆ మాటకీ ఈ లేవడానికీ మధ్య ఒకప్పుడు వారం పట్టేది. ఇప్పుడు మోకాళ్ళ నొప్పులతో కలిపి కూడా అయిదు నిమిషాలు దాటడం లేదు.