ఒకే దుమ్ము పడ్డ మొఖాలు

నా చిన్నప్పుడు మా అమ్మ చనిపోతే నన్ను దోమ అనే మా ఊరి నుంచి తెచ్చి తాండూరులో పెద్దమ్మ ఇంట్లో వదిలారు. నైజాం పాలన పోయిన కొత్తలో అనుకుంటాను. మా ఇళ్లలో తేదీలు రాసిపెట్టేవాళ్లు ఎవరూ లేరు. పెద్దమ్మకూ పెద్దనాయనకూ పిల్లలు లేరు. ఇద్దరిదీ నాపబండల గనిలో పని. ఆమె ఉలి పట్టుకుంటే ఆయన సుత్తె వేసేవాడు. రాయి పొరలు పొరలుగా లేచి వచ్చేది.

పక్కింటి అక్క నోరు మంచిది కాదు. ఒకరోజు నా గడ్డం పట్టి అటూ ఇటూ తిప్పి చూసి, "నీది గీ ఇంటి మొఖం గాదు పిల్లా. పెట్టినన్ని దినాలు పెడ్తరు, ఎనకకు తోల్తరు" అంది. నవ్వులాటకే అని ఉంటుంది. నేను మాత్రం నిజమే అనుకున్నాను. దోమలో నన్ను రమ్మనేవాళ్లు లేరు. వీళ్లూ తోలేస్తే ఎక్కడికి పోవాలి? తినడం మానేసేసరికి పెద్దమ్మ అడిగింది, చెప్పాను. మర్నాడు గనికి వెంట తీసుకుపోయింది.

రొట్టెలు తినే వేళకు, "కండ్లు మూసుకో. తెరిచినంక నేనెవలో గుర్తువట్టాలె" అంది. తెరిచి చూస్తే ఇద్దరూ ఒకే గొంగడి కప్పుకుని కూర్చున్నారు. తలలకు తువాళ్లు, ముక్కుల మీదికి గుడ్డలు. నాకు కనిపించేది తెల్లని దుమ్ము, కళ్లు, అంతే.

నేను నిలబడిపోయాను. రెండు మొఖాల్లోనూ ఎడమ కన్ను సగం మూతపడి ఉంది. ఆ కంటి కొస నుంచి చెవి దాకా ఒకేలాంటి ముడతలు. తల వాల్చడం కూడా ఒకేలా. ఒకే మనిషిని రెండుసార్లు చేసి కూర్చోబెట్టినట్టుంది. చివరికి ఒకరిని ముట్టుకుని "పెద్దమ్మా" అన్నాను. గుడ్డ తీస్తే మీసాలు.

పెద్దమ్మ పొట్ట పట్టుకుని నవ్వింది. "లగ్గం నాడు గీయన మొఖం జూసి ఏడ్చిన బిడ్డా. గిప్పుడు గదే మొఖం నాకొచ్చింది. ఇగ ఎవల జూసి ఏడ్వాలె?"

"నాకేం లాభమైందే, నీ మూతి నాకొచ్చె" అన్నాడు పెద్దనాయన.

తర్వాత ఉలి, సుత్తె అందుకుని చూపించారు. దెబ్బ పడగానే రాతి పెళ్లలు లేచాయి. ఇద్దరూ ఒక్కసారే తల కుడికి తిప్పి ఎడమ కన్ను మూశారు. ఏళ్ల తరబడి అదే దెబ్బకు అదే కన్ను.

"మేమిద్దరం ఒక్క కడుపున పుట్టినమా?" అన్నాడు పెద్దనాయన. "ఒక్క దుమ్ముల ఉంటే మొఖం అదే వస్తది. నువ్వు ఈడనే ఉంటవ్. నీకు గూడ వస్తది."

నేను రొట్టె అందుకున్నాను. పళ్ల కింద దుమ్ము కరకరలాడింది. మొత్తం తిన్నాను.

వాళ్లు పోయి చాలా కాలమైంది. నేను అక్షరాలు నేర్చింది అదే గనిలో జుట్టు నెరిశాక. మొదటిరోజు పలక మీద బలపం నొక్కుతుంటే చదువు చెప్పే పిల్ల అడిగింది, "అవ్వా, ఆ కన్నెందుకు మూస్తున్నవ్? నొస్తుందా?"

నొప్పి కాదు. గట్టిగా నొక్కినప్పుడల్లా నా తల కుడికి తిరుగుతుంది, ఎడమ కన్ను మూసుకుంటుంది. ఇది రాస్తుంటే కూడా.