చిన్నోడి మాట

అతనిది కాటాలు బాగుచేసే దుకాణం. తూకంలో వెంట్రుకవాసి తేడా ఉన్నా ముల్లు చూసి చెప్పేసేవాడు గానీ, ఇంటి విషయం ఏదైనా తేల్చమంటే మాత్రం నీళ్లు నమిలేవాడు. ఏదడిగినా "చూద్దాం" అనేవాడు. దాంతో వీధి వీధంతా అతన్ని చూద్దాంగారనే పిలిచేది. పెళ్లికి కూడా అతని తరఫున అత్తగారే ఒప్పేసుకున్నారని భార్య నవ్వుతూ చెప్పేది.

రెండో కాన్పులో కొడుకు పుట్టాడు. మూడో నెలలో ఒకరోజు పొద్దున్నే ఏడుపు అందుకున్నవాడు మధ్యాహ్నమైనా ఆపలేదు. భార్య భుజాన వేసుకుని తిప్పింది. అత్తగారు పాట పాడారు. చూద్దాంగారు తాళాల గుత్తి ఊపాడు. ఐదేళ్ల కూతురు గుమ్మంలో నిలబడి చూసి చూసి, తమ్ముడి నోటి దగ్గర చెవి పెట్టి, వాడికి ఆ ఆకుపచ్చ కర్టెన్ నచ్చలేదట అని చెప్పింది. అప్పటికే విసిగిపోయి ఉన్న అత్తగారు కర్టెన్ ఊడబీకి పడేశారు. పిల్లాడు ఠక్కున ఊరుకున్నాడు.

ఇక అక్కణ్నుంచి ఇంట్లో చిన్నోడి మాటే చెల్లుబాటు. వాడు చెప్పడం, అక్క వినడం, మిగతావాళ్లు చెయ్యడం. బీరువాను గోడకేసి తిప్పమన్నాడు; తిప్పారు. అప్పట్నుంచి బట్టలు కావాలంటే బొజ్జ లోపలికి పీల్చుకుని ఆ సందులో దూరాల్సి వచ్చేది. నాన్న గదిలోకి వెనక్కి నడుస్తూ రావాలన్నాడు. చూద్దాంగారు అలాగే వచ్చి, రెండుసార్లు తలుపుకు తల కొట్టుకున్నాడు. కళ్లజోడు తీస్తేనే అమ్మమ్మ చేత స్నానం చేయించుకుంటానన్నాడు. ఆవిడ కళ్లు ఆనక ఓ పూట సబ్బుపెట్టెతోనే రుద్దేశారు. వింతేమిటంటే, సగం సార్లు పిల్లాడు నిజంగానే ఏడుపు మానేవాడు.

చూద్దాంగారికి ప్రాణం లేచొచ్చింది. దుకాణాన్ని పెద్ద బజారుకు మార్చాలా వద్దా అన్నది మూడేళ్లుగా తేలకుండా నలుగుతోంది. ఒక ఆదివారం ఉయ్యాల పక్కన చతికిలబడి, సంగతంతా కొడుక్కి పూసగుచ్చినట్టు వివరించాడు. కూతురు చాలాసేపు చెవి పెట్టి విన్నది.

"ఇప్పుడే చెప్పలేడట నాన్నా. ఆలోచించుకుంటాడట."

ఆ జవాబుకు అతను మురిసిపోయాడు. ముమ్మూర్తులా తన పోలికే అనుకున్నాడు. నాలుగు రోజులకు కబురొచ్చింది. మార్చుకోవచ్చు గానీ, కొత్త దుకాణానికి కిటికీ ఉండాలి, దాని కింద అక్క ఎత్తుకు సరిపడే స్టూలు ఉండాలి. మార్చాడు. స్టూలూ చేయించాడు. కిటికీ వెలుతురులో ముల్లు స్పష్టంగా కనబడి పని జోరందుకుంది కూడా.

భార్యకు మాత్రం ఈ వ్యవహారం మింగుడు పడలేదు. ఓ సాయంత్రం కూతుర్ని పెరట్లోకి పంపించి, పిల్లాడి చెవిలో గుసగుసగా ఏదో చెప్పింది. తర్వాత కూతుర్ని పిలిచి, తను ఏం చెప్పిందో తమ్ముణ్ణి అడగమంది. అక్క వంగి, విని, తలెత్తింది.

"ఎవరికీ చెప్పనని నీకు మాటిచ్చాడట కదమ్మా. మాట తప్పడట."

ఇంకేమైనా అన్నాడా అని భార్య అడిగింది. ఈసారి అక్క వంగనే లేదు.

"అమ్మ అక్కని ఎత్తుకుని చాలా రోజులైందంటున్నాడు" అంది, కిటికీ వంక చూస్తూ.

ఆ పూట వంటంతా భార్య కూతుర్ని చంకనేసుకునే చేసింది. పిల్ల కాళ్లు తన మోకాళ్ల దాకా వేలాడుతున్నా దిగమనలేదు.

పిల్లాడికి పదకొండో నెల నడుస్తుండగా, ఒకరోజు అందరూ భోజనాల దగ్గరుంటే, తమ్ముడికి కుక్కపిల్ల కావాలట అని అక్క ప్రకటించింది. అమ్మమ్మ ఒళ్లో కూర్చున్న చిన్నోడు పళ్లెం మీద చెంచాతో ఒక్క దెబ్బ కొట్టాడు.

"వద్దు" అన్నాడు.

వాడి నోట వచ్చిన మొదటి మాట అది. అక్షరం పొల్లు పోకుండా పలికాడు. చేతిలో ముద్ద చేతిలోనే ఉండగా అందరూ అక్క వైపు తిరిగారు. ఆమె మంచినీళ్లు తాగి, గ్లాసు కింద పెట్టి, తీరిగ్గా చెప్పింది.

"వాడికింకా మాటలు సరిగా రావు నాన్నా. వద్దంటే కావాలని."

చూద్దాంగారు కొడుకును చూశాడు, కూతుర్ని చూశాడు. జీవితంలో మొదటిసారి ఎవర్నీ అడక్కుండా చెయ్యి కడుక్కుని, చెప్పులేసుకుని బయటికి వెళ్లి, గంటలో కుక్కపిల్లతో తిరిగొచ్చాడు. ఎవరు తెమ్మన్నారని అత్తగారు నిలదీస్తే, తనకే తేవాలనిపించిందన్నాడు. ఆ మాట విని ఆవిడ కళ్లజోడు సవరించుకుని మరీ అల్లుణ్ణి పరకాయించి చూశారు.

ఆ తర్వాత రెండు నెలలదాకా చిన్నోడికి ఇంకో మాట పట్టుబడలేదు. పాలసీసా కనబడితే వద్దు అంటూ లాక్కునేవాడు. వద్దు వద్దు అని కేరింతలు కొడుతూ కుక్కపిల్ల తోక వెంట తప్పటడుగులు వేసేవాడు. అక్క బడి నుంచి రాగానే మాత్రం రెండు చేతులూ చాచి "వద్దు" అని అరుస్తూ మీదికి ఉరికేవాడు. వాడి బరువు ఆపుకోలేక పుస్తకాల సంచీతో సహా ఆమె రోజూ గుమ్మంలోనే వెల్లకిలా పడేది.