తేలిక బండి ఢిల్లీబాబు

ఢిల్లీబాబుకి తన పికప్ బండి అప్పుడప్పుడూ తేలిగ్గా ఉన్నట్టు అనిపిస్తుంది. అదొక్కటే అతని జబ్బు, మిగతా విషయాల్లో మనిషి బంగారం. సరుకు నిండి, తాళ్లు బిగించి, కింద బరువు మోసే కమాన్ కట్టలు తిరగబడి, వెనక టైర్లు అప్పడాల్లా అణిగిపోయినప్పుడే సరిగ్గా ఆ జబ్బు లేస్తుంది. కిందకి దిగి, బండి చుట్టూ ఓసారి తిరిగి, పెదవి విరిచి, "బండి తేలిగ్గా ఉన్నాది బావా" అంటాడు.

ఆ బావ పేరు కూర్మయ్య. ఢిల్లీబాబు భార్యకు తమ్ముడు. బండిలో సగం వాటాదారు, బరువులెత్తడంలో మాత్రం పూర్తి వాటాదారు. రెండు వేల ఒకటిలో ఇద్దరూ కలిసి పలాసలో ఆ బండి కొన్నారు. టన్ను సరుకు మోస్తుందని తలుపు మీద రాసి ఉండేది. అది చదివినప్పుడల్లా ఢిల్లీబాబు నొచ్చుకునేవాడు.

"ఇది రాసినోడు మన బండిని సూడనేదు బావా. ఎక్కడో ఫ్యాను కింద కూకొని రాసీసినాడు."

"సూడకపోడమేటి? బండి సేసినోడే ఆడు."

"సేసినోడికేటి తెలుస్తాది? తోలినోడికి తెలుస్తాది గానీ."

నౌపడలో ఉప్పు ఎత్తిన రోజు సంగతి ఆ దారిలో ఇప్పటికీ చెప్పుకుంటారు. బస్తాలు సరిగ్గా టన్ను ఎక్కాయి. బండి బయల్దేరబోతుంటే, పని ముగించుకుని ఇళ్లకు పోతున్న ఉప్పు కూలీలు కనిపించారు. ఢిల్లీబాబుకి జబ్బు లేచింది. "తేలిగ్గా ఉన్నాది, ఎక్కండర్రా" అన్నాడు. పారలతో, గంపలతో, సైకిళ్లతో, ఎవరిదో ఒక మేకతో సహా ఎక్కారు. క్లచ్ వదలగానే ముందు చక్రాలు గుర్రం కాళ్లలా గాల్లోకి లేచాయి. స్టీరింగు ఎటు తిప్పినా చక్రాలు ఆకాశంలోనే తిరుగుతున్నాయి. చివరికి కూర్మయ్యను బానెట్ మీద కూర్చోబెట్టి, ఆ బరువుతో చక్రాలను నేలకి దించి, టెక్కలి దాకా తోలుకొచ్చాడు. ఎదురొచ్చిన లారీలవాళ్లు దేవుడి ఊరేగింపనుకుని పక్కకి తప్పుకున్నారు. ఒకాయన కొబ్బరికాయ కూడా కొట్టాడంటారు గానీ కూర్మయ్య ఆ ముక్క ఒప్పుకోడు.

"కొట్టనేదు. సేతిలో పట్టుకొని నిలబడ్డాడంతే" అంటాడు.

ఇంకోసారి హరిపురం దగ్గర బ్రేకు ఇన్‌స్పెక్టరు ఆపాడు. కొబ్బరికాయల మీద మంచం, మంచం మీద గడ్డిమోపు, గడ్డిమోపు మీద ఎవరో ముసలాయన నిద్రపోతున్నాడు.

"ఏమిటయ్యా ఇది?"

"తేలిక బండి బాబూ. గాలికి కొట్టుకుపోకుండా బరువెట్టాను."

ఆయన జరిమానా రాసి చేతికిచ్చాడు. ఢిల్లీబాబు ఆ కాగితాన్ని అరచేతిలో పెట్టి చూసి, ఇదీ తేలిగ్గానే ఉందన్నాడు.

అలాగని రోజూ ఇంతేనా అంటే, కాదు. కూర్మయ్యకు మతిపోయేది అక్కడే. టెక్కలి సిమెంటు షాపు గోపాలరావు ఓసారి బతిమాలాడు.

"ఒక్క బస్తా ఎక్కువెయ్యవయ్యా. దానికీ కిరాయి ఇస్తాను కదా."

"కుదర్దు బాబుగారూ. టన్ను దాటితే కమాన్లిరిగిపోతాయి. రూలంటే రూలే."

అంత రూలు చెప్పినవాడు, ఊరి పొలిమేర దాటగానే ఓ కుండలాయనకి బండి ఆపి, "తేలిగ్గా ఉన్నాది మావా, ఆ కావిడి పైనెట్టు" అన్నాడు. కూర్మయ్య అక్క దగ్గర మొరపెట్టుకున్నాడు. "ఎండదెబ్బ అయ్యుంటాదప్పా!" ఆవిడ ఆ వేసవంతా బండిలో మజ్జిగ సీసా పెట్టి పంపింది. మజ్జిగ తాగాడు, జబ్బు తగ్గలేదు.

మూడేళ్లు తిరిగేసరికి కమాన్లకు వేసిన అతుకులు బండికన్నా బరువయ్యాయి. వచ్చిందంతా మెకానిక్కే మింగుతున్నాడు. బండి అమ్మేసి విశాఖపట్నం పోర్టులో కూలికి పోదామని కూర్మయ్య తేల్చేశాడు. అప్పుడే పలాస జీడిఫ్యాక్టరీ యజమాని జగదీశ్వరరావు కబురంపాడు. మందస వైపు తోటల నుంచి సీజనంతా జీడిపిక్కలు తోలాలి.

"ముందు ఒక్క ట్రిప్పు చూస్తాను. టన్నంటే టన్నే. నా గేటు ముందు బండి చతికిలబడిందా, మళ్లీ మీ ముఖం చూడను."

ఆ ట్రిప్పు నిలిస్తే బండి నిలుస్తుంది. లేకపోతే పోర్టే. కూర్మయ్య పిక్కల బస్తాలు దగ్గరుండి ఎక్కించి, బావ చేత ఒట్టేయించుకున్నాడు.

"అప్ప మీద ఒట్టు. ఈ రోజు బండి బరువుగా ఉన్నాది. అను."

"బరువుగానే ఉన్నాది బావా" అన్నాడు ఢిల్లీబాబు బుద్ధిగా.

మందస దాటాక తోటల మలుపులో ఎప్పటిలాగే పనసకాయల గుట్టలు పెట్టుకుని అప్పలమ్మా, మరో నలుగురు ఆడవాళ్లూ నిలబడి ఉన్నారు. అది లక్ష్మివారం, పలాస సంత రోజు. జిగురంటుతుందని, ముళ్లు గుచ్చుకుంటాయని పనసకాయల్ని బస్సెక్కనివ్వరు. ఢిల్లీబాబు కాలు బ్రేకు మీదకి దానంతటదే పోయింది.

"బావా, ఒట్టు!" అన్నాడు కూర్మయ్య.

ఢిల్లీబాబు అప్పటికే దిగిపోయాడు. "ఏటి మామ్మా, సంతకేనా?"

"సంతకే గానీ, నీ బండి నిండిపోనాది గదా నాయినా. మమ్మల్ని ఒగ్గీసి నువ్వెల్లిపో."

"నిండడమేటి మామ్మా! తేలిగ్గా ఉన్నాది. గతుకుల్లో ఎగిరెగిరి పడతంటే నా నడుం పోతన్నాది. నాలుగు కాయలేసి పుణ్యం కట్టుకోండి."

అప్పలమ్మ జాలిపడింది. "ఓలే, రండే! ఈ బాబు నడుం పోతందట" అని మిగతావాళ్లను కేకేసింది. కూర్మయ్య డాష్‌బోర్డుకి తల ఆనించి కళ్లు మూసుకున్నాడు.

బండి పలాస దాకా బాగానే వచ్చింది. ఫ్యాక్టరీ గేటు ముందు గతుకులో మాత్రం టప్పుమని కమాన్ కట్ట విరిగి, ఒక పక్కకి కూలబడింది. పనసకాయలు దొర్లుకుంటూ పోయి జగదీశ్వరరావు చెప్పుల దగ్గర ఆగాయి.

"జీడిపిక్కలు తెమ్మంటే పనసతోట తెచ్చావేమిటయ్యా?"

బస్తాల మీంచి అప్పలమ్మ దిగింది.

"ఆడ్నెందుకు బాబూ కేకలేత్తావు? ఎవులో తేలిక బండి అంటగట్టీసినారు పాపం. లచ్చివారం లచ్చివారం మేమే కాయలేసి ఆదుకుంటన్నాం. మేం నేకపోతే ఈపాటికి ఎగిరిపోయీది."

జగదీశ్వరరావు అనుమానంగా చూశాడు. "కిరాయి ఎంత?"

"కిరాయా!" అప్పలమ్మకి కోపమొచ్చింది. "కట్టంలో ఉన్నోడికాడ తీసుకుంతామేటి? బరువిచ్చినందుకు ఇన్నాల్నుంచి ఒక్క పైసా అడగనేదు."

బావ జబ్బేమిటో కూర్మయ్యకు అప్పటికి తెలిసింది. ఉప్పు కూలీలు, కుండలాయన, గడ్డిమోపు ముసలాయన, వీళ్లెవరూ ఊరికే ఎక్కించుకుంటానంటే ఎక్కే మనుషులు కారు. వాళ్ల దగ్గర కిరాయి తీసుకునే మనిషి తన బావ కాడు. ఢిల్లీబాబు ఎవరి వైపూ చూడకుండా, దొంగతనం బయటపడ్డవాడిలా విరిగిన కమాన్‌ని తడుముతున్నాడు.

జగదీశ్వరరావు కాసేపు మీసం కింద నవ్వు దాచుకోవాలని చూశాడు. కుదరలేదు.

"సీజనంతా తోలు. లక్ష్మివారం మాత్రం నా బస్తా ఒక్కటి కూడా ఎయ్యకు. ఆ రోజు నీ బండెక్కితే నా పిక్కల నడుం పోతుంది."

తర్వాతి లక్ష్మివారం బాగుచేసిన బండి ఖాళీగా తోటల మలుపులో ఆగింది. ఈ రోజు కాయలన్నీ ఎక్కినా టన్ను దాటదని కూర్మయ్య ఈల వేస్తున్నాడు. అప్పలమ్మ బండిలోకి తొంగిచూసి గుండెలు బాదుకుంది.

"ఓలమ్మో, ఉత్త బండేటి నాయినా! ఈ రోజు మరి మిగల్తావేటి?"

కోడళ్లను కేకేసింది. వాళ్లిద్దరూ మలుపు పక్కనే ఉన్న ఇంటి పెరట్లోంచి పాత రుబ్బురోలు దొర్లించుకొచ్చారు.

"కాయలు సాలవు. దీన్ని కూడా ఎక్కిచ్చీ. సాయంత్రం మా కాయలమ్ముడుపోతే మల్లీ ఉత్తదైపోతాది గదా, అందుకని తిరిగొచ్చినప్పుడు కూడా బండిలోనే ఉండనీ. మేం ఇక్కడ దిగినాక ఇచ్చీ."

ఢిల్లీబాబు దిక్కుతోచక బావమరిది వైపు చూశాడు. కూర్మయ్య లుంగీ ఎగ్గట్టి, రోలు ఒక పక్క పట్టుకుని, "అటేపు నువ్వు ఎత్తు బావా" అన్నాడు.

ఆ సీజనంతా అప్పలమ్మ రుబ్బురోలు లక్ష్మివారం లక్ష్మివారం పలాస సంత చూసొచ్చింది.