సబ్‌స్టేషన్ ఏ ఊరిది?

ప్రాపర్టీ టాక్స్ ఆఫీసులో పనిచేస్తానని తెలిస్తే చాలు, ఇక్కడ అమెరికాలో మనవాళ్ళ పార్టీల్లో ఎవరో ఒకరు ప్లేటు పట్టుకుని పక్కకు చేరతారు. "మా ఇంటి టాక్స్ కొంచెం రెడ్యూస్ చేయించొచ్చా అండీ?"

ఇళ్ళు కౌంటీవాళ్ళు, అంటే జిల్లావాళ్ళు, చూస్తారు. మాది రాష్ట్ర ఆఫీసు. రైళ్ళు, పైపులైన్లు, కరెంటు కంపెనీలు మా వంతు. ఎన్నో కౌంటీల మీదుగా పోయే తీగకు ఎవరికి వారు ముక్కలుగా వెలకట్టలేరు కదా! అందుకని కంపెనీ మొత్తానికి మేం వెలకట్టి, ఏ ఊళ్ళో ఎంత ఆస్తి ఉందో చూసి పంచుతాం. ఆ వాటా మీద ఊరు పన్ను వేసుకుంటుంది. ఇంత చెప్పేసరికి అడిగినవాళ్ళు బిర్యానీ దగ్గరికి వెళ్ళిపోతారు.

ఒక ఏడాది ఓ చిన్న ఊరి జమాఖర్చులు చూసే టౌన్ క్లర్క్ ఫోన్ చేసింది. వాళ్ళ ఊళ్ళో కరెంటు కంపెనీ కొత్త సబ్‌స్టేషన్ కట్టింది. దాని వాటా మాత్రం పక్క ఊరికి పోయింది. "ఆ పన్ను రాకపోతే మా లైబ్రరీ మూసేయాలి," అంది. బడి అయ్యాక పిల్లలు కూర్చునే చోటు ఆ ఊళ్ళో అదొక్కటే.

కారణం తెలిశాక నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ ఊరికి పోస్టాఫీసు లేదు. ఉత్తరాలు పక్క ఊరి పేరు మీదే వస్తాయి. కంపెనీవాళ్ళు ఊరి హద్దు చూడకుండా పోస్టల్ అడ్రసులో ఉన్న పేరు రాసి పంపారు. మేమూ చూడకుండా పంచేశాం.

కంపెనీకి ఫోన్ చేస్తే, "మీ ఆఫీసు అడిగితే మారుస్తాం" అన్నారు. మా మేనేజర్‌ని అడిగితే, "మనం అడగకూడదు, వాళ్ళే మార్చి పంపాలి" అన్నాడు. సెలవు పెట్టి ఆ ఊరు వెళ్ళాను. ఊరి స్వాగతం బోర్డు, దాని లోపలివైపు సబ్‌స్టేషన్, రెండూ కనబడేలా ఫొటో తీసి పంపాను. ఫొటో చాలా బాగుందన్నాడు మేనేజర్. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడంటే ఇదే.

ఇంట్లో మా ఆయనది ఇంకో పాట. "కంపెనీకే పట్టలేదు, నువ్వెందుకు స్ట్రెస్ తీసుకుంటావ్? కందకు లేని దురద కత్తిపీటకెందుకు? ముందు గ్రీన్‌కార్డ్ రానీ, తర్వాత ఫైట్ చేద్దువుగాని."

ఆయన మీద కోపం వచ్చింది. ఆయన చెప్పినదాంట్లో అబద్ధం లేనందుకు ఇంకా వచ్చింది.

అయినా ఆ ఫొటో కంపెనీకి కూడా పంపాను. చివరికి వాళ్ళు తప్పు దిద్ది పంపారు. అప్పటికే మా ఆఫీసు ఆ ఏడాది లెక్కలు ఖాయం చేసేసింది. వచ్చే ఏడాది నుంచి సరిచేస్తామని క్లర్క్‌కి నేనే ఫోన్ చేసి చెప్పాను. "అప్పటిదాకా పిల్లల్ని ఎక్కడ కూర్చోమంటావు?" అంది.

మరుసటి ఏడాది సబ్‌స్టేషన్ సరైన ఊరి కిందికి వచ్చింది. కంపెనీ పంపిన జాబితాలో దానితోపాటు, అదే ఊళ్ళో, కంపెనీ సామాను పెట్టుకోవడానికి కొత్తగా కొన్న భవనం ఒకటి ఉంది. అడిగితే, ఇదివరకు లైబ్రరీ అని చెప్పారు. దానికి వెల నేనే కట్టాను.