సేవ్ నొక్కితే మంచినీళ్లు

2005 డిసెంబరులో గవర్నర్‌పేటలోని ఒక పెళ్లి ఆల్బమ్‌ల ల్యాబ్ నుంచి ఫోనొచ్చింది. అంతకు రెండు నెలల ముందు వాళ్లకు నెట్‌వర్క్ స్టోరేజ్ పెట్టింది నేనే. అంటే, ఎవరి ఫొటోలు వాళ్ల కంప్యూటర్లో దాచుకోకుండా, కేబుల్ ద్వారా అన్నీ పక్కగదిలోని ఒకే పెట్టెకు పంపుతారు.

వెళ్లగానే యజమాని ఏసురత్నంగారు నన్ను పక్కకు తీసుకెళ్లి, డిజైనర్ విమలను నెలాఖరుకు మానిపించేస్తానన్నారు. ఉయ్యూరు నుంచి రోజూ బస్సులో వచ్చే అమ్మాయి.

"సీట్లో ఉండదండీ. ఆఫీసంతా మంచినీళ్లు పంచుకుంటా తిరుగుద్ది. అదేమంటే కంప్యూటర్ స్లో అంటది. అదేం లేదని మీరొక మాట చెప్తే చాలు."

విమలను అడిగాను.

"సేవ్ నొక్కితే నాలుగు నిమిషాలు తిరుగుద్ది సార్. ఊరికే కూర్చోలేక అందరికీ నీళ్లు తెచ్చిస్తన్నా."

ఒకసారి కరెంటు పోయి సగం ఆల్బమ్ పోగొట్టుకుందట. అప్పటి నుంచి పూలదండ కాస్త జరిపినా సేవ్ చేస్తోంది.

నేను పెద్ద పనివాడిలా కేబుల్ మార్చాను, కేబుళ్లన్నీ కలిసే స్విచ్ మార్చాను. ఏమీ తేడా రాలేదు. చివరికి పెట్టెలో సెట్టింగులు తెరిచాను. 'సింక్' ఆన్‌లో ఉంది. ఫైల్లో ఒక్కో ముక్కా డిస్కు మీద రాయడం పూర్తయ్యాకే తర్వాతి ముక్క తీసుకోవాలన్నమాట, ప్రతి ఉత్తరానికీ సంతకం పెట్టించుకునే పోస్టుమాన్‌లాగా. యూపీఎస్ కొనేదాకా ఉండనిద్దామని అది పెట్టింది నేనే. ఆ తర్వాత మరిచిపోయాను.

సింక్ తీసేస్తే పెట్టె అన్నీ గబగబా మెమరీలోకి తీసుకుని తీరిగ్గా రాసుకుంటుంది. కరెంటు పోతే మాత్రం మెమరీలో ఉన్నది గోవిందా. అందుకని, యూపీఎస్ కొన్నారా అని అడిగాను. కొన్నామంటూ ఏసురత్నంగారు వీధిగుమ్మం వైపు చూశారు. కరెంటు పోయినా ఆరకూడదని క్రిస్మస్ స్టార్‌ను దానికి తగిలించారు.

తప్పు విమలది కాదనీ, సగం నాదీ, సగం ఆ స్టార్‌దీ అనీ చెప్పాను. విమల అక్కడే నిలబడి వింటోంది. నాకు నిజంగా సిగ్గేసింది.

ఆయన వీధిగుమ్మం దగ్గరికి నడిచారు.

"స్టార్ ఆరితే దేవుడు అర్థం చేసుకుంటాడండీ. ఆల్బమ్ పోతే పెళ్లికూతురి తల్లి ఊరుకోదు" అని తనే ప్లగ్గు పీకారు.

యూపీఎస్ పెట్టెకు తగిలించి, సింక్ తీసేశాను. విమల సేవ్ నొక్కి, అలవాటుగా గ్లాసు పట్టుకుని లేచింది. పూర్తిగా నిలబడేలోపే సేవ్ అయిపోయింది. మళ్లీ కూర్చుంది.

అప్పటి నుంచి ఎక్కడికెళ్లినా ముందు సీట్లో కూర్చునేవాళ్ల మాట వింటాను. తర్వాత నా చేత్తో నేను పెట్టినవి చూసుకుంటాను. కేబుళ్ల జోలికి ఆ తర్వాతే.

వారం తిరక్కుండా ఏసురత్నంగారు మళ్లీ ఫోన్ చేశారు. విమల ఉద్యోగం సంగతేమోననుకున్నాను.

"అమ్మాయి బాగా చేస్తందండీ, సీట్లోంచి లేవట్లేదు. కాకపోతే ఆఫీసులో నీళ్లిచ్చేవాళ్లు లేరు. ఆ పాత సెట్టింగు మధ్యాహ్నం పూట కాసేపు పెట్టడం కుదురుద్దా?"