ఎమీలియాలో నేను చెప్పని మాట

నా చిన్నప్పుడు, సరిగ్గా చెప్పాలంటే నాకు తొమ్మిదేళ్లు నిండి రెండు నెలలైనప్పుడు, మా తాతయ్య ఒక మందు సీసాను వేన్నీళ్ల గిన్నెలో నిలబెట్టి దాని మీది కాగితం ఊడదీయడం చూశాను. ఆ రోజు నేర్చుకున్నదేమిటో నాకు బాగా తెలుసని అరవై మూడేళ్లుగా అనుకుంటూ వచ్చాను. ఈ వేసవిలో ఇటలీ వెళ్లొచ్చాక, తెలియదేమోనని అనుమానం పుట్టింది. అది తీరక ఇది రాస్తున్నాను.

ఆ ఏడు మా నాయనమ్మకు టైఫాయిడ్ వచ్చి తగ్గింది కాని ఒంటికి రక్తం పట్టలేదు. మంచం దిగితే కళ్లు తిరిగేవి. డాక్టరుగారు ఒక టానిక్కు రాసిచ్చారు, పొద్దున రెండు చెంచాలు, సాయంత్రం రెండు చెంచాలు. మా నాయనమ్మ మడి కట్టుకుని వండుకునే మనిషి. ఉల్లిపాయ తగిలిన గరిటె కూడా ముట్టేది కాదు. తాతయ్య బడిపంతులు కావడంతో నాకు అప్పటికే ఇంగ్లీషు అక్షరాలు వచ్చు. సీసా మీదిదంతా కూడబలుక్కుని చదివాను. ఒక మాట తెలియక ఆయన నిఘంటువు తెరిచి చూస్తే 'కాలేయం' అని ఉంది. ఏ జంతువుదో సీసా మీద రాయలేదు. తలెత్తి చూసేసరికి తాతయ్య గుమ్మంలో నిలబడి ఉన్నాడు.

ఆయన నన్ను కోప్పడలేదు. వేన్నీళ్లు తెచ్చి, కాగితం చిరగకుండా ఊడదీసి, ఎండలో ఆరబెట్టి, నాలుగు మడతలు పెట్టి నా చేతికిచ్చాడు. "చదివింది నువ్వు గనక నీ దగ్గరే ఉండనీ. ఆవిడ లేచి నడవాలి, నాకు కావలసింది అదే" అన్నాడు. తర్వాత లోపలికి వెళ్లి, అది ద్రాక్షరసంలో మూలికలు నానబెట్టిన మందని నాయనమ్మకు చెప్పాడు. మా తాతయ్య అబద్ధమాడగా నేను విన్నది ఆ ఒక్కసారే.

ఆ కాగితాన్ని గౌను జేబులో పెట్టుకుని ఐదు రోజులు తిరిగాను. చెంచాలు లెక్కపెట్టాను. అన్నం సయించలేదు. ఆరో రోజు మధ్యాహ్నం తాతయ్య బడిలో ఉన్నప్పుడు మంచం దగ్గరకు వెళ్లి నాయనమ్మకు మొత్తం చెప్పేశాను. ఏడుస్తుందనుకున్నాను, తిడుతుందనుకున్నాను. ఆవిడ "ఎన్ని చెంచాలయ్యాయే?" అనడిగింది. ఇరవై రెండన్నాను. పైకప్పు దూలాన్ని చూస్తూ ఇలా అంది.

"నాకు తెలిసిందని మీ తాతయ్యకు చెప్పకు. ఎన్నడూ అబద్ధమాడని మనిషి నా కోసం ఆడాడు. సీసా అయ్యేదాకా ఆడనీ."

ఆ సాయంత్రం తాతయ్య చెంచా పట్టుకొస్తే నోరు తెరిచి తాగింది. ఆ తర్వాత లేచి, గోడ పట్టుకుని నూతి దగ్గరకు నడిచి, తల మీదుగా నీళ్లు పోసుకుంది. ఎందుకని ఆయన అడిగితే ఉక్కగా ఉందంది. సీసా అయ్యేదాకా రోజూ అంతే. పది స్నానాలు లెక్కపెట్టాను. కళ్లు తిరిగే మనిషి ఆ నూతి గట్టున పడిపోతుందేమోనని రోజూ వెనకాలే వెళ్లి నిలబడేదాన్ని. పడలేదు. నెలలో కోలుకుని వంటింట్లోకి వచ్చింది. అయినవాళ్ల కోసం కొన్ని మాటలు మింగేయాలని ఆ ఇంట్లో నాకు అర్థమైంది. తాతయ్యా మింగాడు, నాయనమ్మా మింగింది. అదే పాఠమనుకున్నాను.

నేనిప్పుడు డబ్లిన్ ఉత్తరాన బోమాంట్‌లో మా అమ్మాయి దగ్గర ఉంటున్నాను. తను ఆసుపత్రిలో పనిచేస్తుంది, మా అల్లుడు మందుల ఫ్యాక్టరీలో. నేను ముప్పై ఒక్క ఏళ్లు బళ్లో లెక్కలు చెప్పి రిటైరయ్యాను. నిరుడు మా వియ్యంకుడు కాలం చేశాక, మా వియ్యపురాలు కూడా కరీంనగర్ నుంచి ఇక్కడికే వచ్చేశారు. ఒకరినొకరం వదినా అనే పిలుచుకుంటాం. ఆవిడకు ఇంగ్లీషు రాదు. బస్సులో, కొట్లో, జీపీ అనే ఇక్కడి పేట డాక్టరు దగ్గర ఆవిడకు చెవులూ నోరూ నేనే. వచ్చినప్పుడు యాభై రెండు కిలోలున్న మనిషి ఈ వేసవి మొదటికి నలభై ఆరయ్యారు. కంచంలో రెండు పిడికిళ్లు పెట్టుకుని, ఒకటి మిగిల్చేసేవారు.

పిల్లలు మా ఇద్దరికీ ఇటలీ యాత్ర బుక్ చేశారు. ఎమీలియా అనే ప్రాంతంలో ఆరు రోజులు. మొత్తం పదిమందిమి, గైడు కాక. పాత ఊళ్లు చూడడం, వాళ్ల వంట నేర్చుకోవడం, తినడం. తినలేని మనిషిని తిండి యాత్రకు పంపుతారా అని నేను గొడవ పెట్టుకున్నాను. మా మనవరాలు తెలుగులో విని, ఎప్పటిలాగే ఇంగ్లీషులో, "అమ్మమ్మా, యూ విల్ బోత్ బి గ్రాండ్" అని, మా ఇద్దరికీ ఏ ఇబ్బందీ ఉండదని తేల్చేసింది.

మిగతా ఎనిమిదిమందీ ఐర్లండు వాళ్లే, ఉద్యోగాల నుంచి రిటైరైన వాళ్లు. గైడు ముప్పై దాటని పిల్ల, తల్లి ఇటలీ, తండ్రి ఐర్లండు. మాంసం, చేప, గుడ్డు మేము తినమని ఇటాలియనులో ఒక అట్ట మీద ఆ పిల్లతోనే రాయించి, ప్రతి హోటలులో వంటవాళ్లకు చూపించాను. గైడు చెప్పిందల్లా నోటుబుక్కులో ఎక్కించుకుని, వెంటనే వదినగారికి తెలుగులో చెప్పేదాన్ని. పిండి ఒత్తే పాఠంలో అందరికీ గుడ్డు కలిపిన పిండి ఇస్తే మా ఇద్దరికీ ఉత్త నీళ్లతో కలిపించాను. వదినగారు కర్రతో దాన్ని ఎంత పలచగా సాగదీశారంటే, నేర్పే ఆవిడ అందరినీ పిలిచి చూపించింది. పన్నెండేళ్లు పీపాల్లో పెట్టిన ద్రాక్ష వెనిగర్ చుక్క నాలిక మీద వేస్తే, "పచ్చిపులుసు జేసి పన్నెండేండ్లు మర్చిపోయిన్రు, అంతే గద" అన్నారు. నేనది ఇంగ్లీషులో చెప్తే బల్ల చుట్టూ నవ్వులు.

అక్కడ ఆవిడ తినడం మొదలుపెట్టారు. కారణం ఆ ఊరి గట్టి చీజ్. పాతబడ్డ కోవాలా పొరలు పొరలుగా విరుగుతుంది, ఉప్పగా ఉంటుంది. రొట్టె మీద, టమాటా వేసిన పాస్తా మీద తురిమిచ్చేవారు. "ఇది మంచిగున్నది వదినా, నోరు తెరుసుకున్నది" అన్నారు రెండో రోజు. మూడు రోజుల్లో ఏడుసార్లు తిన్నాం, ఇద్దరమూ. గుడ్డు గురించి అంత జాగ్రత్తపడ్డ నేను చీజ్ గురించి ఒక్క ప్రశ్న కూడా వేయలేదు. పాలది కదా. పాలలో అనుమానించడానికి ఏముంటుంది?

నాలుగో రోజు పొద్దున్న ఆ చీజ్ చేసే చోటికి తీసుకెళ్లారు. మనిషి మునిగేంత లోతు రాగి గంగాళాలు, వాటిలో ఆవిరి కక్కుతున్న పాలు. గైడు చెప్తూ పోతోంది, నేను తెలుగు చేస్తూ పోతున్నాను. ఎన్ని లీటర్లో, ఎన్ని నెలలో, అన్నీ. అప్పుడు ఆ పిల్ల, పాలు గడ్డకట్టడానికి కోసిన దూడ పొట్టలోంచి తీసిన రసం కలుపుతారని చెప్పింది. మామూలుగానే చెప్పింది. నా చేతిలో పెన్ను ఆగింది.

"ఏమంటున్నదామె?" అన్నారు వదినగారు.

ఆవిడ మొహం చూశాను. నాలుగు రోజుల్లో కాస్త రంగొచ్చింది. మా నాయనమ్మ గుర్తొచ్చింది, సీసా గుర్తొచ్చింది. "పాలు విరగడానికి ఏదో వేస్తారట" అన్నాను. ఆ 'ఏదో' అన్న మాట నా నోట్లోంచి అంత తేలిగ్గా ఎలా వచ్చిందో ఇప్పటికీ నాకు తెలియదు.

ఆ తర్వాత నేను తినలేకపోయాను. పన్ను నొప్పన్నాను. దానివల్ల జరిగిందేమిటంటే, "గింత మంచిది పారేస్తరా, ఇటియ్యుండ్రి" అని నా వాటా కూడా ఆవిడే తిన్నారు. మిగిలిన రోజుల్లో తనవి నాలుగుసార్లు, నావి మూడుసార్లు. పక్కన కూర్చున్న ఐర్లండు టీచరమ్మ నా మొహం చూసి, ఒంట్లో బాగాలేదా అని రెండుసార్లు అడిగింది. ఆవిడకు చెప్పొచ్చు, గైడుకు చెప్పొచ్చు. చెప్పాల్సిన మనిషికి తప్ప అందరికీ చెప్పొచ్చనిపించింది. రోజూ గదిలో పడుకునే ముందు, తాతయ్య అయితే ఏం చేసేవాడని అడుక్కునేదాన్ని. ఆయన చేసిందే చేస్తున్నానుగా అని సర్దిచెప్పుకునేదాన్ని. మరి ఆయన మొహంలో అప్పుడు ఇంత బెంగ ఉందా, నేను చూడలేదా?

వదినగారు కిలో ముక్క ఒకటి కొని తెచ్చుకున్నారు. ఆదివారం ఇంటికొచ్చాం. సోమవారం నుంచి గురువారం దాకా రోజుకొకసారి పప్పన్నం మీద తురుముకుని కంచం ఖాళీ చేశారు. గురువారం బరువు చూస్తే నలభై ఏడు. మా అమ్మాయి సంబరపడింది. నేను కూడా మంచిపనే చేశాననుకోబోయాను.

శుక్రవారం పొద్దున ఆవిడ తలంటుకుని, దీపం వెలిగించి, వెండి గిన్నెలో బెల్లం ముక్క పక్కన ఆ చీజ్ ముక్క పెట్టారు. "నాకు ఆకలి తెచ్చింది గద. అమ్మవారికి గూడ పెడుదాం" అని గిన్నె పటం ముందు పెట్టబోయారు.

"వద్దు వదినా" అన్నాను. ఇక ఆపుకోలేక నిలువుకాళ్ల మీద అంతా చెప్పేశాను.

ఆవిడ గిన్నె కిందికి దించారు. లెంపలేసుకున్నారు. నేను పద్దెనిమిదిసార్లని లెక్క కూడా చెప్పాను. ఎందుకు చెప్పానో తెలియదు, ఎవరూ అడగలేదు. ఆవిడకు దాని మీద ధ్యాస లేదు.

"మీకు ఎన్నడు తెలిసింది?"

"నాలుగో రోజు పొద్దున."

"అంటే మీరు తినుడు బంద్ జేసి, మీ ముక్క నాకిచ్చిన్రు."

పళ్లెం నేను జరపలేదు, ఆవిడే లాక్కున్నారు. అయినా ఇచ్చానన్న మాటే నిజం. అప్పుడావిడ అడిగిన ప్రశ్న నేను ఊహించనిది.

"ఇంకెన్ని ఉన్నయ్ వదినా, నాకు చెప్పనియ్యి?"

ఒకటి ఉంది. దాన్ని నేను లెక్కలో వేసుకోనే లేదు. యాత్రకు ముందు జీపీ, బరువు ఇలా ఎందుకు తగ్గుతోందో కడుపు లోపల చూడాలేమో, వేసవి తర్వాత మళ్లీ రమ్మని చెప్పింది. ఇప్పుడే భయపెట్టొద్దమ్మా అంది మా అమ్మాయి. "బాగా తినమన్నారు" అని మాత్రం వదినగారికి చెప్పాను. ఆ మాటలో అబద్ధం లేదు, డాక్టరు అది కూడా అంది. ఏళ్ల తరబడి పిల్లల లెక్కల్లో ఒక్క మెట్టు దాటేస్తే మార్కులు కోసేసినదాన్ని, ఇక్కడ దాటేసిన మెట్టు నా కంటికి ఆనలేదు.

"ఒకటి" అని, అది కూడా చెప్పాను.

ఆవిడ కుర్చీలో కూర్చుని కొంగుతో చేతులు తుడుచుకున్నారు. "నాకేది మంచిదో మీరు సోంచాయించకుండ్రి వదినా" అన్నారు చివరికి. "వాళ్లేమన్నరో అది చెప్పుండ్రి. సోంచాయించుడు నా పని." తర్వాత మిగిలిన ముక్కను కాగితంలో చుట్టి, పక్కింటి ఐరిష్ ఆవిడకు ఇచ్చి రమ్మని మనవరాలిని పంపారు.

ఆ వారమంతా నాతో ముక్తసరిగా మాట్లాడారు. నేను ఆలోచిస్తూనే ఉన్నాను. మా నాయనమ్మ ఆ మందు తాగిందన్నది నిజమే. కాని ఆరో రోజు నుంచి తెలిసి తాగింది. దాచిందీ ఆవిడే, స్నానం చేసిందీ ఆవిడే, ఎంతకాలమో నిర్ణయించుకున్నదీ ఆవిడే. ఆ వీలు ఆవిడకు వచ్చింది ఒక తొమ్మిదేళ్ల పిల్ల నోరు విప్పడం వల్ల. అరవై మూడేళ్లు నేను పెద్దవాళ్లిద్దరి మౌనాన్నే గుర్తుంచుకుని, నా నోరు సంగతి మరిచిపోయాను. అలాగని తాతయ్యది తప్పని కూడా అనలేకపోతున్నాను. ఆయన ముందే చెప్పి ఉంటే నాయనమ్మ మొదటి చెంచా తాగేది కాదు, బతికేది కాదేమో. నేను చెప్పకుండా ఉంటే నూతి గట్టున పది స్నానాలు ఉండేవి కావు. ఎటువైపు నుంచి కూడినా లెక్క తేలడం లేదు.

నలభై ఏడు మళ్లీ నలభై ఆరయింది. పోయిన మంగళవారం జీపీ దగ్గరకు వెళ్లాం. డాక్టరు చెప్పడం మొదలుపెట్టింది. నేను వాక్యం వాక్యం తెలుగు చేశాను. గొంతులోంచి సన్నటి గొట్టం పంపి కడుపు లోపల చూస్తారట. ఏమీ లేకపోవచ్చు, పుండు కావచ్చు, గడ్డ కూడా కావచ్చునట. ఆ చివరి మాట కూడా చెప్పాను. ఒకచోట డాక్టరు వాడిన పేరు నాకు అర్థం కాలేదు. "ఇది నాకు తెలియలేదు వదినా, అడుగుతానుండండి" అన్నాను. బతుకంతా తెలియదనడం చేతకాని నాకు ఆ మాట అనడానికి ఎంత సేపు పట్టిందో, ఆ సేపూ ఆవిడ నా మొహంలోకే చూస్తూ కూర్చున్నారు.

అంతా విన్నాక, "ఎన్నడు రావాల్నట?" అని డాక్టరునే అడిగారు, తెలుగులోనే. నేను దాన్ని ఇంగ్లీషు చేసి చెప్పాను. ఉన్నది ఉన్నట్టు, అంతే.