టైరు కింది రాయి

మిర్యాలగూడ హమాలీ మేస్త్రి పోయాడు. ఆ కబురు ఫోన్లో వినేసరికి నేను వడ్ల లోడుతో సూర్యాపేట దాటుతున్నాను. బండి పక్కకు తీసి స్టీరింగు మీద తల పెట్టి ఏడ్చాను. నాకున్నది ఒక్క కన్నే. రెండోది ఆయన మనుషులే పొడిచేశారు. అయినా ఆయన కోసం అంతలా ఎందుకు ఏడ్చానో చెప్పాలి.

అప్పట్లో నేను కోదాడ నుంచి లారీ కిరాయిలు తోలే కుర్ర డ్రైవర్ని. ఆ రోజు మిర్యాలగూడలో ఓ రైసుమిల్లు దగ్గర లోడింగు. అక్కడ నేల కాస్త వాలు. హ్యాండ్ బ్రేకు వేసి, హమాలీలు వెనక టైరు కింద రాయి పెట్టడం చూసుకుని చాయ్‌కి వెళ్లాను. గ్లాసు సగం కాకముందే పెద్ద కేక. బ్రేకు జారి బండి వెనక్కి దొర్లింది. నేల నుంచి బండి మీదికి వేసిన చెక్క పలక మీదుగా బస్తా మోస్తున్న మనిషి కింద పడ్డాడు. చక్రం అతని మోకాలి మీదుగా పోయింది. అతను మేస్త్రికి సొంత తమ్ముడు.

పారిపోకుండా దగ్గరికి పరుగెత్తాను. అదే పొరపాటైంది.

"బ్రేకెయ్యకుండ పోయిండ్రా వీడు!"

"తాగిండు, మూతి సూడుర్రి!"

"బ్రేకు వేశానన్నా, ఒట్టు" అంటూనే ఉన్నాను. పిడికిళ్లతో మొదలైంది, కర్రలకు వచ్చింది. ఓ కర్ర కొస కంట్లో దిగింది. చెంప మీద వేడిగా ఏదో కారింది. కింద పడితే తొక్కారు. పక్కటెముక విరగడం నాకు వినిపించింది. "డీజిల్ తేర్రా, వీణ్ని బండితోటే తగలబెడదాం" అని ఎవడో అరిచాడు. డబ్బా కోసం ఒకడు పరుగెత్తాడు కూడా.

అప్పుడు వచ్చాడు మేస్త్రి. తమ్ముణ్ని దవాఖానకు ఆటోలో ఎక్కించి వస్తున్నాడు. చొక్కా నిండా తమ్ముడి నెత్తురు. చేతిలో బస్తాలు లాగే కొక్కెం. గుంపు ఆయనకు దారి ఇచ్చింది. నా పని ఖతం అనుకున్నాను.

"టైరు కింద రాయి ఏడున్నది?" అన్నాడు.

"గాడనే ఉంటది మేస్త్రీ."

"ఉంటది గాదు. ఏడున్నదో సూపియ్యి."

అడిగి ఊరుకున్నాడు. ఆయన అలవాటే అది. ఒక మాట అడిగితే తలకు చుట్టిన తువ్వాల విప్పి, మడిచి భుజాన వేసుకునేవాడు. జవాబు వచ్చేదాకా రెండో మాట లేదు. వాళ్లంతా వెతికారు. రాయి పలక కింద ఉంది. బరువుతో ఎక్కుతుంటే పలక ఊగుతోందని, టైరు కింది రాయి లాగి దాని కింద పెట్టుకున్నారు. డీజిల్ తెచ్చినవాడు డబ్బా పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. మేస్త్రి వంగి, నన్ను బస్తాలా భుజాన వేసుకుని రోడ్డు మీదికి నడిచాడు.

తర్వాత ఎన్నోసార్లు ఆయన గుమ్మంలో కూర్చున్నాను. "కాకా, తమ్ముణ్ని వదిలి నా దగ్గరికి ఎందుకొచ్చావు?" అని ఓసారి అడిగాను.

"వాని పక్కకు మనుషులున్నరు బిడ్డా. నీ పక్కకు ఎవ్వరు లేకుండె" అన్నాడు. మళ్లీ తనే, "గట్లని నేను దేవుణ్ని గాదు. నిన్ను సంపుదామనే వచ్చిన. జర అడిగి సంపుదామనుకున్న, గంతే" అన్నాడు.

రాయి తీసిందెవరో ఆయన చివరిదాకా అడగలేదు. నాకు మాత్రం ఒళ్లు మండేది, ఇప్పటికీ మండుతుంది. ఓ రోజు ఉండబట్టలేక నిలదీశాను.

"ఎవడు అని అడిగితే పేరొస్తది. పేరొస్తే కట్టె లేస్తది. ఏమైందని అడుగు, ఎట్లయిందని అడుగు. పదిమందికి పెద్దగున్నోడు అడగాల్సింది గది."

ఇప్పుడు కోదాడలో మా డ్రైవర్లకు నేను పెద్దని. మొన్న ఎండాకాలం మావాళ్లు ఓ క్లీనర్‌ను స్తంభానికి కట్టేశారు. బండ్లలో డీజిల్ దొంగిలిస్తున్నాడని అనుమానం. నేను వెళ్లేసరికే వాడి మూతి పగిలి ఉంది. నా చెయ్యి కూడా లేచింది, అబద్ధమెందుకు. "డీజిల్ ఎట్లా పోతోందో ఎవరన్నా చూశారా?" అని అడిగి నోరు మూసుకున్నాను. చివరికి ఒకడు బండి కిందికి దూరి చూశాడు. పైపు పగిలి నేలంతా తడి. కట్లు విప్పుతుంటే నా పోయిన కన్ను సలిపింది.

మేస్త్రిని సాగనంపే రోజు ఆయన ఇంటి సందులో, పాడె ఎక్కించాల్సిన బండి వాలులో ఆగింది. ఆ ప్రమాదం తర్వాత లోడింగుకు ముందు ప్రతిసారీ ఆయన గట్టిగా "రాయి ఉన్నదా?" అని అడిగేవాడు. ఎవరో ఒకరు వంగి, చేత్తో తాకి, "ఉన్నది" అంటేనే పలక వేసేవారు. ఆ రోజు పాడె ఎత్తారు గానీ ఎవరికీ అడుగు పడలేదు. చంక కర్ర మీద నిలబడ్డ తమ్ముడు గట్టిగా అడిగాడు.

"రాయి ఉన్నదా?"

హమాలీలందరూ తలలు దించుకున్నారు. నేను మోకాళ్ల మీద కూర్చుని టైరు కిందికి చెయ్యి పెట్టాను. రాయి ఎండకు కాలుతోంది.

"ఉన్నది" అన్నాను.